వేలిముద్ర వేసే ముందు

కూలి డబ్బులు కూడబెట్టి ఇల్లు కొనుక్కునే మనోళ్లు అడిగేది ఒకటే: "రిజిస్ట్రేషన్ అయ్యిందిగా, ఇక ఇల్లు మాదేగా?" కాదు. అమ్మినవాడికే హక్కు లేకపోతే, ఎన్ని ముద్రలు పడ్డా మనకు హక్కు రాదు. ఆఫీసు బయట కూర్చున్న దస్తావేజు లేఖరి రాతకూలి తీసుకుంటాడు, హక్కు చూడడు. లోపలున్న సబ్‌రిజిస్ట్రారు కాగితాన్ని నమోదు చేస్తాడు, హక్కుకు పూచీ పడడు.

మరి చూసేదెవరు? వకీలు. అమ్మేవాడు వెంటబెట్టుకొచ్చిన వకీలు కాదు, మన ఫీజు పుచ్చుకున్న వకీలు. ఆయనకు లింకు దస్తావేజులు, ఈసీ చూపించాలి. ఈసీ ఒక్కటే చాలదు. తెల్లకాగితం అమ్మకాలు, నోటిమాట పంపకాలు అందులోకి ఎక్కవు. (మన పేటల్లో నడిచేవన్నీ అవే కదా!) అందుకే ఇంట్లో ఎవరుంటున్నారో, ఆడబిడ్డల వాటా ఏమైందో వాడలో అడగాలి.

జీపీఏ కాగితంతో ఇంటి హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. అయినా దళారులు అదే చేతిలో పెడుతున్నారు.

సర్కారిచ్చిన డి-పట్టా స్థలమైతే ఇంకా జాగ్రత్త. వాటి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రలో తర్వాత సవరణలొచ్చాయి గనక పట్టా తేదీ, షరతులు వకీలుతో చదివించుకోవాలి.

దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించమనండి. "టైం లేదు, ముద్ర వెయ్" అంటే లేచి వచ్చేయండి.