టోలిచౌకి బర్గర్లు: హలాల్ బోర్డు దగ్గరే ఆగిపోతే ఎలా?



"టోలిచౌకిలో మంచి బర్గర్ ఎక్కడ దొరుకుతుంది భాయ్?" ఈ సవాల్ నన్ను నెలకు పదిమందైనా అడుగుతారు. జర్నలిస్టుని కదా, హోటళ్ల గుట్టు అంతా తెలిసే ఉంటుందని వాళ్ల గుమాన్. మా భాంజాలు, భతీజాలు మాత్రం నన్ను అడగరు. వాళ్లకు ఫోన్లో రీల్ ఉంది. "మామూ, ఇది చూడండి, ఎంత చీజ్ వేశాడో" అని నా ముందు పెడతారు. అందులో చీజ్ కారిపోతూ ఉంటుంది, ఒక కుర్రాడు కళ్లు మూసుకుని తల ఊపుతూ ఉంటాడు, కింద దుకాణం పతా ఉంటుంది. అంతే, రాత్రి పదకొండింటికి బండి తీస్తారు.

ఈ మధ్య ఇషా తర్వాత నాలుగైదు రాత్రులు నేనూ ఆ దుకాణాల చుట్టూ తిరిగాను. తిన్నాను, చూశాను, అడిగాను. మనం హలాల్ అనే బోర్డు చూసి బేఫికర్‌గా కూర్చుంటున్నాం. జాయఖా సంగతి రీల్ చేసే కుర్రాడికి అప్పగించేస్తున్నాం. ఈ రెండింటి మధ్య అడగాల్సిన మాటలు చాలా ఉన్నాయి, వాటిని ఎవరూ అడగడం లేదు. ఈ వ్యాసం వాటి గురించే.

టోలిచౌకినే ఎందుకు తీసుకున్నానంటే, మన షహర్‌లో కొత్త తిండి ముందుగా దిగే మొహల్లాల్లో అదొకటి. ఒకవైపు మెహదీపట్నం, ఇంకోవైపు గచ్చిబౌలి ఆఫీసులకు వెళ్లే రోడ్డు, పక్కనే కుతుబ్‌షాహీ గుంబదులు. పారామౌంట్ కాలనీలో యెమన్, సోమాలియా, సూడాన్ నుంచి చదువు కోసం వచ్చిన పిల్లలు. మందీ, షవర్మా వెలిగిన రోడ్ల మీదే ఇప్పుడు బర్గర్ కూడా వెలుగుతోంది. ఇంకో సంగతి కూడా ఉంది. మన ఆడపిల్లలు నలుగురు కలిసి బురఖాల్లో వెళ్లి, ఎవరూ వింతగా చూడకుండా ఒక గంట కూర్చుని నవ్వుకునే జగా షహర్‌లో ఎన్ని ఉన్నాయి? ఈ బర్గర్ దుకాణాలు వాళ్లకు బైఠక్‌లయ్యాయి. అందుకే వీటిని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. అంత ముఖ్యమైనవి కాబట్టే గట్టిగా అడగాలి కూడా.

మన ఇళ్లలో బుజుర్గులకు బర్గర్ మీద రెండు షక్‌లు ఉంటాయి. మొదటిది పేరు గురించి. హామ్‌బర్గర్ అన్నప్పుడు హామ్ అంటే ఖింజీర్ గోష్త్ కదా, తౌబా అంటారు. ఆ పేరు జర్మనీలోని హాంబర్గ్ షహర్ నుంచి వచ్చింది. దానికీ ఖింజీర్‌కూ తాల్లుఖ్ లేదు. అసలు బర్గర్ అమెరికాలో బడేకా ఖీమాతో మొదలైంది. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడు ఈ ముల్క్ సంగతి తెలుసుకుని గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ లేని మెనూతో వచ్చింది. అప్పటి నుంచి మన దగ్గర బర్గర్ అంటే ఎక్కువగా చికెనే.

రెండో షక్ కొంచెం లోతైనది. ఈ బన్నులు వచ్చి మన దస్తర్‌ఖాన్‌ను మింగేస్తున్నాయని వాళ్ల బాధ. దీనికి నా జవాబ్ బార్కస్. నిజాంల ఫౌజ్‌లో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ల హరీస్ ఇప్పటికీ అక్కడ పొద్దున్నే అమ్ముతారు. ఆ హరీస్‌కు దక్కనీ మసాలా, నెయ్యి, వేయించిన ఉల్లిగడ్డ తోడై హలీమ్ అయింది. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చాయ్ ఇరానీలది, సమోసా ఎక్కడిదో. బయటి తిండి రావడం మనకు కొత్త కాదు. దాన్ని ఎంత మెహనత్‌తో, ఎంత నిజాయితీతో మనదిగా చేసుకున్నామన్నదే లెక్క.

ఇక హలాల్ మాట. హలాల్ పక్కన తయ్యిబ్ అనే లఫ్జ్ కూడా ఉందని మనందరికీ తెలుసు. మక్తబ్‌లోనే నేర్చుకున్నాం. జబీహా సరిగ్గా జరిగిందా అన్నది మొదటి మాట. ఆ గోష్త్ పాక్‌గా, సాఫ్‌గా, ఒంటికి మేలుచేసేలా ప్లేటులోకి వచ్చిందా అన్నది రెండోది. టోలిచౌకిలో మొదటి దానికి బోర్డు ఉంటుంది. రెండోదానికి ఏ బోర్డూ ఉండదు, మనమే చూసుకోవాలి.

నేను నాలుగు చోట్ల చూసింది చెప్తాను.

మొదటిది మెయిన్ రోడ్డు మీద, పైన ఫ్యామిలీ హాల్ ఉన్న దుకాణం. వేయించిన చికెన్ బర్గర్ 220 రూపాయలు. పైపొర కరకరలాడింది, లోపల ముక్క బాగా ఉడికింది. ఇది చిన్న మాట కాదు. గడ్డకట్టిన ముక్కను సరిగ్గా కరగనివ్వకుండా నూనెలో వేస్తే బయట మాడి లోపల గులాబీ రంగులో ఉండిపోతుంది. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. ఇక్కడ ఆ పని సరిగ్గా చేశారు. లైసెన్సు కౌంటర్ దగ్గరే ఫ్రేమ్ కట్టి ఉంది. కానీ నూనె నల్లగా ఉంది. ఫ్రైస్‌లో నిన్నటి చికెన్ వాసన. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నియమం ఉంది. మనం కొలవలేం. కానీ రంగు, నురగ, వాసన మనకూ తెలుస్తాయి. మన అమ్మీలు పండగ రోజు పూరీ నూనెను ఎన్నిసార్లు వాడేవారో యాద్ చేసుకోండి చాలు.

రెండోది రోడ్డు పక్కన బండి, 90 రూపాయలు. జాయఖాలో ఇదే అవ్వల్. మాలిక్ పొద్దున్నే కోడి జబాహ్ అవుతుంటే తానే నిలబడి, కాలి గోష్త్ తీసుకుని, కత్తితో ఖీమా కొట్టుకుంటాడు. చికెన్ రొమ్ము భాగంలో కొవ్వు తక్కువ. దాంతో చేసిన ప్యాటీ పొడిపొడిగా రాలుతుంది, ఆ లోపం దాచడానికే చాలామంది మయోనీజ్ కుమ్మరిస్తారు. కాలి గోష్త్‌లో రసం ఉంటుంది. బన్‌ను తవా మీద మస్కా వేసి కాల్చాడు. అందులో మన బన్ మస్కా తెలివి ఉంది. కానీ అతని మయోనీజ్ డబ్బా మూతలేకుండా తవా పక్కనే వేడికి ఉంది. "రాత్రికల్లా ఖతం అయిపోతుంది భాయ్" అన్నాడు. ఆ రాత్రి అయ్యేలోపే ఖతర్నాక్ అవుతుందని చెప్పాను. కోపగించుకోలేదు. వారం తర్వాత వెళ్తే డబ్బా ఐసు పెట్టెలో ఉంది.

మయోనీజ్ గురించి ఇంకో రెండు మాటలు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. నిమ్మరసం, సిర్కా కలిపినంత మాత్రాన గుడ్డు ఉడికినట్టు కాదు. మన షహర్‌లో తిండి విషమై మనుషులు ఆసుపత్రుల పాలయ్యాక, 2024 అక్టోబర్ 30న తెలంగాణ హుకూమత్ పచ్చి గుడ్డు మయోనీజ్‌ను ఏడాది పాటు బంద్ చేసింది. కేరళ 2023లోనే ఆ పని చేసింది, తమిళనాడు 2025లో చేసింది. నిషేధం గడువు తీరినా క్రిమికి గడువు ఉండదు. "మయో ఇక్కడ చేసిందా, ప్యాకెట్‌దా?" అని అడగడానికి మొహమాటం ఎందుకు?

మూడోది కేఫ్. తవా మీద అదిమి కాల్చే స్మాష్ బర్గర్, 350 రూపాయలు. బడేకా ప్యాటీ, అంటే మన దగ్గర బర్రె గోష్త్. పని తెలిసిన వంటవాడు. ఖీమాను ముందే ఉప్పు వేసి పిసికితే కబాబ్‌లా బిగుస్తుంది, బర్గర్‌కు ఆ బిగువు పనికిరాదు. అతను తవా మీద వేశాకే ఉప్పు చల్లాడు. అంచులు జాలీలాగా కరకరలాడాయి. వంటగది అద్దాల్లోంచి కనిపిస్తుంది, మాషాఅల్లాహ్. అయితే ప్యాటీలు కార్టన్‌లో వస్తున్నాయి. ఏ కంపెనీవి, హలాల్ సర్టిఫికెట్ ఎవరిది అని అడిగితే మేనేజర్ ముఖం మారింది. "మనం ముస్లింలమే కదా భాయ్" అన్నాడు. ముస్లిం భాయ్ మీద హుస్నె జన్ ఉంచుకోవాలి, సరే. కానీ ఆ జానవర్‌ను జబాహ్ చేసింది ఆయన కాదు, ఆయన కార్టన్ విప్పాడంతే. ఆయనకూ తెలియకపోతే నా నమ్మకం ఎవరి మీద పెట్టుకోవాలి? కార్టన్ మీద సర్టిఫికెట్ ఇచ్చిన ఇదారా పేరు, నంబరు, గడువు ఉంటాయి. చూపిస్తే ఒక నిమిషంలో మాట ఖతం. చీజ్ మీద కూడా కొందరికి షక్ ఉంటుంది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అందులో పాలు తప్ప జానవర్‌కు సంబంధించినది ఇంకేమీ లేదని అర్థం.

నాలుగోది దుకాణం కాదు. ఒక ఖాతూన్, ఆమె ఇద్దరు బేటీలు ఇంట్లోనే చేసి ఫోన్ మీద ఆర్డర్లు తీసుకుంటారు. ప్యాటీ అసలు ప్యాటీయే కాదు, చనగపప్పు వేసి రుబ్బిన షామీ. మయో బదులు పుదీనా చట్నీ. బర్గర్ ఉసూళ్ల ప్రకారం ఇది బర్గర్ కాదని మా భాంజా తేల్చేశాడు. మా ఫుప్పీ మాత్రం జీవితంలో మొదటిసారి బర్గర్ పూర్తిగా తిన్నారు. ఒకటే లోపం, ఇరవై నిమిషాలు దాటితే చట్నీకి బన్ మెత్తబడుతుంది. చట్నీ విడిగా పంపమని చెప్పాం. ఇలాంటి చిన్న వ్యాపారానికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయల ఫీజు. ఆమె చేయించుకున్నారు. మొదట చెప్పిన నియాన్ లైట్ల దుకాణానికి ఎంత ఇజ్జత్ ఉందో, ఆ నంబరుతో ఈమెకూ అంతే ఇజ్జత్.

ఇప్పుడు రీళ్ల సంగతి. తిండి గురించి "బాగుంది, వెళ్లండి" అని నలుగురికి చెప్పడం ఏమిటి? నా లెక్కలో అది గవాహీ. నేను తిన్నాను, ఇది నిజం అని సాక్ష్యం చెప్పడం. దుకాణం దగ్గర పైసలు తీసుకుని, లేదా ముఫ్త్‌గా తిని, ఆ మాట దాచి "లాజవాబ్" అంటే అది ఝూటీ గవాహీ. దీన్‌లో దాని సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దునియా ఖానూన్ కూడా ఊరుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, మోసపుచ్చే ప్రచారం చేసేవారికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జుర్మానా వేయవచ్చు. పైసలు తీసుకున్న ప్రచారమైతే ఆ సంగతి చూసేవాళ్లకు కనిపించేలా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మన మొహల్లా కుర్రాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? రీళ్లు చేయడం ఐబ్ కాదు, అదీ ఒక హునరే. "ఈ దుకాణం వాళ్లు పైసలిచ్చారు" అని ఒక్క లైను పెడితే ఎవరి రోజీ ఆగదు.

మరి నువ్వెందుకు నాలుగు పేర్లు రాయలేదు అని మీరు అడగవచ్చు. జాయజ్ సవాలే. జనానికి నష్టం జరుగుతుంటే హెచ్చరించడం గీబత్ కిందికి రాదని ఉలమా చెప్తారు. కానీ ఒకటి రెండుసార్లు తిన్న నేను, పది మందికి జీతాలిచ్చే దుకాణం మీద నల్ల నూనె ముద్ర జీవితాంతం వేసేంత గవాహీ సంపాదించలేదు. ఆ రోజు నూనె మార్చే రోజై ఉండవచ్చు. ముందు మాలిక్‌కు ముఖం మీద చెప్పాలి, దిద్దుకునే మౌకా ఇవ్వాలి. చెప్పినా వినకపోతే, తిన్నవాళ్లు జబ్బుపడితే, అప్పుడు ఫిర్యాదు చేయాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, జీహెచ్ఎంసీ ఉంది. దుకాణం 14 అంకెల నంబరు బిల్లు మీద ఉండాలని 2022 జనవరి నుంచి నియమం. ఆ బిల్లు పారేయకండి, ఫిర్యాదుకు అదే సబూత్.

పిల్లలకు బర్గర్ వద్దని చెప్పడం నా మక్సద్ కాదు. ఈసారి వాళ్లతో మీరూ వెళ్లండి. మయో ఎక్కడిదని అడగండి, నూనె రంగు చూడండి, గ్లౌజు వేసుకున్న చెయ్యి పైసలు కూడా పట్టుకుంటోందా గమనించండి, ప్యాటీ కార్టన్ చూపించమనండి. ఇవన్నీ బేటీల ముందు, బేటాల ముందు అడగండి, వాళ్లూ నేర్చుకుంటారు. బాగా చేసినవాడికి "భాయ్, బాగుంది" అని గట్టిగా చెప్పండి. ఆ బండి మాలిక్‌కు నేను చెప్పిన తప్పు కంటే, "నీ ఖీమా అవ్వల్" అన్న మాటే ఎక్కువ యాద్ ఉందట.

మీ మొహల్లాలో ఎవరు ఎలా చేస్తున్నారో రాయండి. మీరు స్వయంగా తిన్నదే, చూసిందే రాయండి.

దువాల్లో యాద్ ఉంచుకోండి. అల్లాహ్ హాఫిజ్.