గ్రూపు నుంచి వెళ్లాల్సింది ఎవరు?

సైబర్ వేధింపులపై మన బడుల్లో చెప్పే పాఠం సాధారణంగా మూడు జాగ్రత్తలతో ముగుస్తుంది: పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు, అపరిచితులతో స్నేహం చేయవద్దు, వేధించేవారిని బ్లాక్ చేయండి. ఇవి అవసరమే. కానీ వేధించేది పక్క బెంచీలో కూర్చునే సహాధ్యాయి అయినప్పుడు, అతని చేతిలోని ఆయుధం కులమైనప్పుడు ఈ పాఠం దగ్గర సమాధానం లేదు.

ఇంటర్మీడియట్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కులం ప్రతిసారీ తిట్టుగానే రానక్కరలేదు. ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున 'నీకేం, ఈ ర్యాంకుకే సీటొస్తుంది' అన్న వ్యాఖ్యగా వస్తుంది. స్కాలర్‌షిప్పు మీద మీమ్‌గానో, ఇంటిపేరు ఆరా తీసే కొంటె ప్రశ్నగానో వస్తుంది. సినిమా హీరోల అభిమానుల వాదం నాలుగు మాటలు దాటకముందే కులం దగ్గరికి చేరుతుంది. ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారని, కాలేజీలో చెబితే 'స్నేహితుల మధ్య సరదా' అని కొట్టిపారేస్తారని పిల్లలకు తెలుసు. అందుకే చెప్పరు.

అప్పుడు పెద్దలిచ్చే సలహా ఒక్కటే: 'ఆ గ్రూపు నుంచి తప్పుకో.' కానీ హోంవర్కు, పరీక్షల తేదీలు, నోట్సు అన్నీ ఆ గ్రూపులోకే వస్తాయి. అక్కడి నుంచి తప్పుకోవడమంటే సగం తరగతి గదిని వదులుకోవడమే. ఊరు ఒకప్పుడు బలవంతంగా విధించిన వెలిని ఈనాడు బాధిత విద్యార్థి తన వేలితో తానే నొక్కి అమలు చేసుకోవాలన్నమాట. మహద్ చెరువును 1924లోనే పురపాలక సంఘం అందరికీ తెరిచినా, అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు ఆ నీటిని తాగడానికి 1927 దాకా ఆగవలసి వచ్చింది. గ్రూపులో సభ్యత్వమూ అలాంటిదే. పేరు ఉన్నంత మాత్రాన అక్కడ తలెత్తుకుని మాట్లాడే చోటు దక్కినట్టు కాదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. నలుగురి దృష్టిలో పడే చోట ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. ఇంటర్నెట్‌లో చేసిన దూషణకూ ఇది వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయితే ఇక్కడ వేధించేవారూ పిల్లలే. పోలీస్ స్టేషన్ తలుపు తెరిచి ఉండాలి, కానీ అదే మొదటి తలుపు కాకూడదు. మొదటి బాధ్యత విద్యాసంస్థది.

విద్యాసంస్థలు ఆ బాధ్యతను ఎంతవరకు గుర్తించాయి? జేఈఈ ర్యాంకు అడగడం కులం ఆరా తీయడమే కావచ్చునని 2023లో ఐఐటీ బొంబాయి తన మార్గదర్శకాల్లో అంగీకరించింది. వివక్షపై 2012లో యూజీసీ తెచ్చిన నిబంధనల పరిధి ఉన్నత విద్య వరకే. పదహారేళ్ల ఇంటర్ విద్యార్థి దాని బయటే ఉన్నాడు. తమిళనాడులోని నాంగునేరిలో 2023 ఆగస్టులో, వేధింపులపై ఫిర్యాదు చేసిన దళిత బాలుడిని తోటి విద్యార్థులే ఇంటికి వెళ్లి కొడవళ్లతో నరికారు. ఆ తర్వాత నియమితమైన జస్టిస్ చంద్రు కమిటీ, కులాన్ని సూచించే రంగుల చేతిపట్టీలను బడుల్లో నిషేధించాలని 2024లో సిఫార్సు చేసింది. ఆ రంగులు మన పిల్లల ప్రొఫైల్ చిత్రాల్లోకీ రీల్స్‌లోకీ చేరాయి. ఫిర్యాదు చేసిన వారికి రక్షణ లేకపోతే ఏమవుతుందో నాంగునేరి చెప్పింది.

కనుక చేయవలసినవి స్పష్టమే. ప్రతి తరగతి గ్రూపుకూ ఒక అధ్యాపకుడు బాధ్యత వహించాలి. కులం, ర్యాంకు, రిజర్వేషన్‌పై ఎగతాళి చేసినవారినే గ్రూపు నుంచి తొలగించాలి. సమాచారం మాత్రం వారికి విడిగా అందాలి, వెలికి మరో వెలి జవాబు కాదు. దళిత, ఆదివాసీ, మహిళా అధ్యాపకులున్న కమిటీ ఫిర్యాదులు స్వీకరించి, పేర్లు గోప్యంగా ఉంచాలి. తప్పు చేసిన పిల్లల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి మాట్లాడాలి, ఎందుకంటే ఆ మాటల్లో చాలా వరకు ఇంట్లో విన్నవే. బాధితులు సందేశాలను చెరిపేయకుండా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. పిల్లల సహాయానికి 1098, అత్యాచారాల ఫిర్యాదులకు 14566 నంబర్లు ఉన్నాయి.

చివరిగా విద్యార్థులకు ఒక మాట. అరవై మంది ఉన్న గ్రూపులో దూషించేది ఒకరిద్దరే. వారికి బలం నవ్వే ఎమోజీల నుంచి, చూసి ఊరుకునే మిగిలినవారి నుంచి వస్తుంది. 'ఇది తప్పు' అని ఒక్కరు రాసినా అక్కడ బాధితుడు ఒంటరి కాడు. ఆ ఒక్కరు ఎస్సీ, ఎస్టీ విద్యార్థే కావాలని ఎదురుచూడకండి.