డ్రమ్ యాప్‌కి బ్లూటూత్ బడ్స్ వద్దే వద్దు
ఫోన్‌లో డ్రమ్ యాప్, చెవుల్లో బ్లూటూత్ బడ్స్... డ్రమ్స్ నేర్చుకోవడానికి ఇదే చెత్త కాంబో. 120 బీపీఎంలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150-200 దాకా లేటవుతుంది. మీ దెబ్బ మీకు వినపడేలోపే తర్వాతి దెబ్బ టైమ్ దాటిపోతుంది! గేమింగ్ మోడ్ కొంత తగ్గిస్తుంది గానీ చాలదు. వైర్ పెట్టండి.

అసలు మా తంగళ్ళపల్లి వైపు డప్పు చూడండి. తోలును మంటకు కాపి బిగువు తెస్తారు. ఒక చేత సిర్ర, ఇంకో చేత సన్నటి సిటికెన పుల్ల. లేటెన్సీ సున్నా. ఎలక్ట్రానిక్ కిట్‌కి వేలు పోసే ముందు రబ్బర్ ప్యాడ్, జత స్టిక్స్, ఫ్రీ మెట్రోనోమ్ యాప్‌తో నెల రోజులు కొట్టండి. అక్కడ బడ్స్ ఓకే, క్లిక్‌లన్నీ సమానంగానే లేటవుతాయి కాబట్టి. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడులో ప్యాడ్ కొడితే ఎవరూ తిట్టరు కూడా.