మదర్ థెరెసా పుట్టిన ఊళ్ళో

"మదర్ థెరెసా ఇల్లు చూపించవే" అంది అమ్మ, తెనాలి నుంచి వీడియో కాల్‌లో. హాఫ్ టర్మ్ సెలవులకి నేనూ, మా అమ్మాయీ ఉత్తర మాసిడోనియా వెళ్ళాం. లండన్ నుంచి మూడు గంటల ప్రయాణం. జనాభా 20 లక్షలకు లోపే, మన ఒక జిల్లా అంత దేశం. గ్రీసుతో పేరు తగాదా తీరాక, 2019లో పేరుకి ముందు "ఉత్తర" చేరింది.

అందరూ ముందు చూసేది ఓహ్రిడ్. చెరువు అనలేం, సముద్రంలా ఉంటుంది. ఒకప్పుడు రోజుకొకటి చొప్పున 365 చర్చిలుండేవని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. సెయింట్ సోఫియా చర్చిని తురుష్కుల కాలంలో మసీదు చేసి గోడలకి సున్నం కొట్టేశారు. ఆ సున్నం కిందే వెయ్యేళ్ళనాటి బొమ్మలు భద్రంగా మిగిలాయి. ఊరు అందమైనదే కానీ, నన్ను పట్టుకున్నవి మిగతా రెండూళ్ళు.

మొదటిది టెటోవో. అక్కడి రంగుల మసీదుని దూరం నుంచి చూస్తే మసీదు అనిపించదు, ఎవరో పేకముక్కలు వరసగా పేర్చినట్టుంటుంది. గోడల నిండా పువ్వులు, లతలు, ముగ్గుల్లాంటి గళ్ళు. మా అమ్మాయి "అమ్మమ్మ చీర అంచులా ఉంది" అంది. 1438లో మొదట కట్టారు, 1833లో అబ్దుర్రహమాన్ పాషా బాగుచేయించాడు. రంగుల్లో కలపడానికి 30,000 కోడిగుడ్లు వాడారని చెప్తారు. లెక్క ఎవరు పెట్టారో మరి! అసలు సంగతి వేరే ఉంది. ఆ రోజుల్లో మసీదులు కట్టించింది ఎక్కువగా సుల్తానులూ పాషాలూ అయితే, దీనికి డబ్బు పెట్టింది హుర్షిదా, మెన్సురే అనే అక్కచెల్లెళ్ళట. ఇద్దరి సమాధులూ ఆ ఆవరణలోనే, పూలమొక్కల మధ్య ఉన్నాయి. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మన ఊళ్ళలోనూ గుళ్ళకి ఆడవాళ్ళు ఇచ్చిన మాన్యాలు ఎన్నో ఉన్నాయి, పేర్లు మాత్రం శాసనం చదివేవాళ్ళకే తెలుస్తాయి.

తర్వాత రాజధాని స్కోప్యే. అమ్మ అడిగిన ఇల్లు ఇప్పుడు లేదు. అది ఉన్న చోట, నడిబొడ్డున, ఒక ఫలకం ఉంది. ఆవిడకి బాప్తిస్మం ఇచ్చిన చర్చి కూడా 1963 జులై 26 భూకంపంలో పోయింది. ఆ రోజు వెయ్యిమందికి పైగా చనిపోయారు. పాత రైల్వే స్టేషన్ గడియారం ఇప్పటికీ 5:17 దగ్గరే ఆగి ఉంది. చర్చి ఉన్న స్థలంలో 2009లో స్మారక గృహం కట్టారు. ఫోను అటు తిప్పి అమ్మకి అన్నీ చూపించాను.

"వాళ్ళమ్మ ఏమైంది?" అంది అమ్మ.

నాకు తెలియలేదు. ఆ రాత్రి హోటల్లో కూర్చుని చదివాను. థెరెసా అసలు పేరు ఆగ్నెస్ గోంజా, అల్బేనియన్ కుటుంబం. 1910లో పుట్టింది. తొమ్మిదేళ్ళు నిండకముందే తండ్రి పోతే, తల్లి డ్రానా కుట్లూ అల్లికల పనితో ముగ్గురు పిల్లల్ని పెంచింది. 1928లో, పద్దెనిమిదేళ్ళకి, ఆగ్నెస్ ఇల్లు వదిలింది. తల్లీకూతుళ్ళు మళ్ళీ కలుసుకోనే లేదు. డ్రానా, పెద్దకూతురు ఆగా అల్బేనియా రాజధాని టిరానాకి వెళ్ళిపోయారు. అక్కడి ప్రభుత్వం 1967లో మతాన్నే నిషేధించింది. తల్లిని బయటికి పంపలేదు, కూతుర్ని లోపలికి రానివ్వలేదు. 1972లో డ్రానా, మరుసటి ఏడు ఆగా పోయారు. 1979లో నోబెల్ వచ్చింది, అయినా తలుపు తెరుచుకోలేదు. చివరికి 1989లో టిరానా వెళ్ళి తల్లి సమాధి మీద పూలుంచింది. వీళ్ళని విడదీసిన నియంత ఎన్వర్ హోజా సమాధి దగ్గర కూడా పూలు పెట్టిందట. ఈ మాట మీద మా ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. నేనైతే పెట్టేదాన్ని కాను.

మర్నాడు అమ్మకి ఇదంతా చెప్పాను. మాట్లాడకుండా విని, వేళ్ళు లెక్కపెట్టుకుంది. "తల్లి పోయాక పదిహేడేళ్ళకా వెళ్ళింది?" అంది.

అవునన్నాను.

"నువ్వు మూడేళ్ళయింది వచ్చి" అని, "సరే, ఇక్కడ పదకొండు దాటింది, పడుకుంటా" అని ఫోను పెట్టేసింది.