హద్దు అవతలి కేసు, ఇవతలి మనిషి

మధిర నుంచి విజయవాడ వెళ్లేవాళ్లకు రాష్ట్రం ఎక్కడ మారిందో తెలిసేది దారి పక్కన బోర్డును చూస్తేనే. పొలాలు మారవు, మాట పెద్దగా మారదు, చుట్టరికాలు అసలే మారవు. పెళ్లి బట్టలకు విజయవాడ, పెద్దాసుపత్రికి విజయవాడ, మిర్చికి మంచి ధర ఉందంటే గుంటూరు యార్డు. ఒకే ఇంటి వాకిట్లో ఏపీ 20 నంబరు పాత మోటారు సైకిలు, టీఎస్ 04 కారు, 2024 మార్చి తర్వాత కొన్న టీజీ 04 ట్రాలీ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. 2014 జూన్ 2 తర్వాత మారింది వేరే సంగతి. నందిగామ దగ్గర ఆ ట్రాలీ ఎవరికైనా తగిలితే కేసు పొరుగు రాష్ట్రం పోలీసులది, పొరుగు రాష్ట్రం కోర్టుది. 2019 జనవరి 1 నుంచి హైకోర్టు కూడా వేరే.

భద్రాచలం వైపు పరిస్థితి ఇంకా చిత్రం. పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక, పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక పొరుగు రాష్ట్రమైంది. అక్కడి నుంచి చింతూరు మీదుగా కుంట వెళ్లే లారీ ఒక్క పూటలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ మూడూ దాటేస్తుంది. లైసెన్సుకు ఈ హద్దులతో పనిలేదు. మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అది దేశమంతా చెల్లుతుంది. నేరానికి మాత్రం హద్దు ఉంది. ఎక్కడ జరిగితే అక్కడి కోర్టే విచారించాలన్నది సాధారణ నియమం.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. రాష్ డ్రైవింగ్ కేసంటే ఫోనులో చూసుకుని కట్టేసే చలానా లాంటిదేనని వాళ్ల నమ్మకం. చలానా వేరు, కేసు వేరు. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 279, కింద పోలీసులు ఎఫ్‌ఐఆర్ కడితే అది క్రిమినల్ కేసు. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎదుటివారికి గాయమైతే 125వ సెక్షన్ తోడవుతుంది. తీవ్ర గాయమైతే మూడేళ్ల దాకా శిక్ష. ప్రాణం పోతే 106(1) కింద ఐదేళ్ల దాకా. పాత 304ఏలో ఇది రెండేళ్లే. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ వీటికి అదనం. బెయిలు హక్కుగానే దొరుకుతుంది. కానీ ఇరువైపుల పెద్దలు కూర్చుని రాజీ కుదుర్చుకున్నంత మాత్రాన 281 కేసు పోదు. చట్టం రాజీకి వీలిచ్చిన నేరాల పట్టికలో అది లేదు. కొట్టివేయించుకోవాలంటే హైకోర్టుకు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ కేసైతే అమరావతికి.

ఇక వాయిదాలు మొదలవుతాయి. రోజు కూలికి బండి నడిపే డ్రైవరుకు ఒక్కో వాయిదా అంటే ఆ రోజు కూలి పోయినట్టే. బస్సు చార్జీ, వకీలు ఫీజు, తోడుగా వచ్చినవాళ్ల భోజనం అన్నీ తనవే. సాక్షి రాలేదనో, జడ్జి సెలవులో ఉన్నారనో వాయిదా మళ్లీ పడుతుంది. అప్పుడు చుట్టుపక్కలవాళ్లు చెప్పే సలహా ఒకటే: "ఒప్పేసుకో, ఫైను కట్టి వదిలించుకో." తప్పు చేశాడో లేదో ఎవరూ అడగరు. కోర్టు ఎంత దూరమన్నదే లెక్క. సరిహద్దు ఊళ్ల మీద దీన్ని మించిన అన్యాయం లేదు. తన ఊరి కోర్టులో కేసైతే నిలబడి వాదించుకునే మనిషి, అది పక్క రాష్ట్రంలో ఉందన్న ఒక్క కారణంతో నేరస్థుడిగా నమోదవుతున్నాడు.

జరిమానా వెయ్యి రూపాయలే కావచ్చు, దాని వెనకాల వచ్చేవి అంతకు ఎన్నో రెట్లు. ఒప్పుకున్నాడంటే శిక్ష పడ్డట్టే. వాహన నేరం మీద శిక్ష వేసిన కోర్టుకు మోటారు వాహనాల చట్టం 20వ సెక్షన్ కింద లైసెన్సుపై అనర్హత విధించే అధికారం ఉంది. బాధితులు పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్తే, క్రిమినల్ కోర్టులో నేరం ఒప్పుకున్న కాగితాన్ని అక్కడ సాక్ష్యంగా చూపవచ్చు. కానిస్టేబులు ఉద్యోగానికి దరఖాస్తు చేసిన కుర్రాడు వివరాల ఫారంలో ఆ కేసు రాయాలి. దాచిపెట్టి దొరికిపోతే వచ్చిన ఉద్యోగమూ పోవచ్చని అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతోంది.

పోనీ అసలు వెళ్లకుండా ఇవతలే ఉండిపోతే? అది ఇంకా చేటు. కోర్టు జారీ చేసిన వారంటు రద్దయ్యేదాకా, లేదా అమలయ్యేదాకా బతికే ఉంటుంది. రాష్ట్రం హద్దు దాన్ని ఆపదు. క్రిమినల్ కోర్టులో కేసు పెండింగ్‌లో ఉన్నా, సమన్లో వారంటో జారీ అయి ఉన్నా పాస్‌పోర్టు నిరాకరించడానికి పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ వీలిస్తుంది. అమెరికాకో గల్ఫ్‌కో బయలుదేరిన పిల్లలకు ఎప్పటిదో మోటారు సైకిలు కేసు ఆ రోజు అడ్డం పడుతుంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే వెళ్లవచ్చని 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. ఆ అనుమతి ఇవ్వాల్సింది కూడా అవతలి కోర్టే. పోలీసు నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసిన మాట నిజమే. అలాగని నోటీసు సంగతి తెలిసీ ఊరుకోవడం తెలివైన పని కాదు.

కేసు పెట్టారు కాబట్టి తప్పు రుజువైనట్టేనన్న భయమూ అక్కర్లేదు. కర్ణాటకలో లారీ బోల్తా పడి 15 మంది చనిపోయిన కేసులో, బండి వేగంగా వెళ్లిందన్న ఒక్క మాటతో నిర్లక్ష్యం రుజువు కాదని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. సతీష్ కేసుగా వకీళ్లందరికీ తెలిసిన తీర్పు ఇది. ఎంత వేగం, ఎలాంటి రోడ్డు, బ్రేకులు ఎలా ఉన్నాయి, ఎదుటి బండి ఎటు నుంచి వచ్చింది అన్నవన్నీ ప్రాసిక్యూషన్ చూపించాలి. వాహన తనిఖీ అధికారి నివేదిక, సంఘటన స్థలం పటం, ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు నకళ్లు నిందితుడికి ఉచితంగా ఇవ్వాల్సినవే. వాటిని చదవకుండా, చదివించుకోకుండా తొలి వాయిదాలోనే తలూపడం తగదు. తప్పు నిజంగా తనదే అయినవాడు ఒప్పుకోవచ్చు, అది నిజాయితీ. బస్సు చార్జీకి భయపడి ఒప్పుకోవడం మాత్రం నిజాయితీ అనిపించుకోదు.

జామీను గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. "లోకల్ జామీనుదారులను తెచ్చుకో" అన్న మాట దగ్గరే పొరుగు రాష్ట్రం మనిషి చతికిలపడతాడు. ఆస్తి కాగితాలున్న మేనమామ మధిరలో ఉంటాడు, కోర్టేమో అవతల ఉంటుంది. దీనికి జవాబు 1978లోనే వచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే పేద తాపీ మేస్త్రీకి బెయిలు ఇచ్చినా, మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగారు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని పూచీని తిరస్కరించారు. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దాన్ని తీవ్రంగా తప్పుబట్టారు. ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో బస్తర్‌లో అరెస్టైతే అక్కడ ఆస్తులున్న జామీనుదారులను ఎక్కడి నుంచి తెస్తాడని ప్రశ్నించారు. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద మేస్త్రీని విడుదల చేయమన్నారు. అప్పటి బస్తర్ భద్రాచలం అడవి దాటగానే మొదలయ్యేది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అడవి దారిలో తిరిగే డ్రైవర్లకు ఆ తీర్పు పేరు కూడా తెలియదంటే బాధ కలుగుతుంది. జామీను దగ్గర ఇబ్బంది పెడితే "మోతీరాం తీర్పు" అని వకీలుకు గుర్తుచేయండి. స్టేషనులో ఎండకు ఎండుతున్న బండి సంగతీ అంతే. స్వాధీనం చేసుకున్న వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచకూడదని 2002లో సుందర్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తాత్కాలికంగా అప్పగించమని మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

హాజరు విషయంలోనూ చట్టం మొండిగా లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 228వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు నిందితుడి స్వయం హాజరును మినహాయించి, వకీలు ద్వారా నడిపించవచ్చు. విచారణ సాగుతుండగా 355వ సెక్షన్ అదే వెసులుబాటు ఇస్తుంది. విచారణలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపవచ్చని 530వ సెక్షన్ చెబుతోంది. ఏ బార్ కౌన్సిల్‌లో నమోదైన వకీలైనా దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చు. తర్వాతి వాయిదా ఎప్పుడో 16 అక్షరాలూ అంకెల సీఎన్‌ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ నంబరు 15100. దారులన్నీ కాగితం మీద ఉన్నాయి. వాటిని అడిగేవాళ్లు తక్కువ, అడక్కుండా చెప్పేవాళ్లు అసలు లేరు.

ఇది మన దగ్గరి తిప్పలే అనుకోవద్దు. అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు వేరే రాష్ట్రంలో స్నేహితులను చూడటానికి కారులో బయలుదేరి వర్జీనియాలో ఇదే ఉచ్చులో పడుతుంటారు. అక్కడ గంటకు 85 మైళ్లు దాటినా, నిర్ణీత వేగం కంటే 20 మైళ్లు ఎక్కువ నడిపినా అది రెక్‌లెస్ డ్రైవింగ్. మామూలు టికెట్టు కాదు, క్రిమినల్ నేరం. ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా విధించవచ్చు. ఏ రాష్ట్రంలో ఉంటున్నా ఆ కోర్టుకు జవాబు చెప్పాల్సిందే. వీసా పత్రాల్లో ఆ కేసు గురించి చెప్పాల్సి రావచ్చు కాబట్టి ముందుగా వకీలుతో మాట్లాడటం తప్పనిసరి.

ఇదంతా డ్రైవరు పక్షాన వాదన అనిపిస్తే, గాయపడినవారి సంగతీ చూడాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసినవాడు శిక్ష అనుభవించాలి, అందులో రెండో మాట లేదు. ప్రమాదం జరిగాక హద్దు దాటి సొంత ఊరికి పారిపోవడం క్షమించరానిది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యతని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అంటోంది. జనం కొడతారన్న భయం ఉంటే ఆగనక్కర్లేదని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అలాంటప్పుడు వీలైనంత త్వరగా దగ్గరి స్టేషనుకు వెళ్లాలి. పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న న్యాయ సంహిత 106(2) మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశమంతటా సమ్మెకు దిగారు. హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనం చాలామందికి గుర్తుండే ఉంటారు. ఆ ఏడాది జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్‌ను ఆపి ఉంచారు. డ్రైవర్ల భయాన్ని ప్రభుత్వం విన్నది. వాయిదాల కష్టాన్ని కూడా వినాలి.

చట్టం బాధితుడికి ఇచ్చిన ఒక సౌకర్యం ఇక్కడ గమనించదగ్గది. మధిర మనిషి నందిగామలో గాయపడితే పరిహారం కేసు ఖమ్మంలో వేసుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ తాను ఉండే చోటే దావా వేసే హక్కు ఇచ్చింది. పరిహారం విషయంలో దూరాన్ని తగ్గించగలిగిన వ్యవస్థ, నేర విచారణలో హాజరు దగ్గర ఎందుకు తగ్గించలేదు?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మధిర కోర్టు ప్రాంగణంలో, భద్రాచలంలో ఒక్కో వీడియో గది ఏర్పాటు చేసి, పొరుగు రాష్ట్రం కేసుల్లో వాయిదాలకు అక్కడి నుంచే హాజరయ్యే వీలు కల్పించాలి. నందిగామ, తిరువూరు మనుషులకు ఇటువైపు కేసుల్లో అదే సౌకర్యం ఇవ్వాలి. నోటీసు ఇచ్చేటప్పుడే 228వ సెక్షన్ గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి తెలుగులో ఒక కాగితం చేతిలో పెట్టాలి. నిబంధనలు చేయాల్సింది రెండు హైకోర్టులు, డబ్బు ఇవ్వాల్సింది రెండు ప్రభుత్వాలు. మధిర నుంచే గెలిచి, ఉప ముఖ్యమంత్రిగా ఆర్థిక శాఖనూ చూస్తున్న మల్లు భట్టి విక్రమార్క ఈ విషయాన్ని చేతిలోకి తీసుకుని, అమరావతితో మాట్లాడాలి.