గొలుసు రంపములు - సహకార సంఘముల కర్తవ్యము

పోచంపాడు, ఆర్మూరు ప్రాంతముల పసుపు రైతులకు జనవరి మొదలు మార్చి వరకు రెండు చింతలు. ఒకటి, త్రవ్విన కొమ్ములను ఉడుకబెట్టి ఎండబెట్టుట. రెండవది, ఆ ఉడుకునకు కావలసిన వంటచెరకు. కడాయి యైనను, ఆవిరి బాయిలరైనను కట్టె లేనిదే పొయ్యి మండదు. గొడ్డలి పట్టు కూలివారు దొరకుట కష్టమగుచుండుటచే చైన్ సా అనబడు గొలుసు రంపములు గ్రామములలో కనబడుచున్నవి. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదున నెలకొన్న పిమ్మట ధరల మాట అందరును మాటాడుచున్నారు. కట్టె ఖర్చు మాట మాత్రము ఎవ్వరును ఎత్తరు.

మా యభిప్రాయము ముందుగనే చెప్పెదము. ప్రతి రైతును ఒక రంపము కొనుట దుబారా. సంఘము ఒక మంచి రంపమును కొని, దానిని నడుపుటకును, సాన పెట్టుటకును నేర్చిన మనిషి నొకనిని నియమింపవలెను. అట్టి మనిషి దొరకనిచో సంఘము కూడ కొనరాదు.

దీనికి సభ్యులు చెప్పు ఆక్షేపణ యొకటి కలదు. తేలికగా త్రోసివేయదగినది కాదు. "పసుపు అందరిదియు ఒక్కమారే వచ్చును, అందరికిని రంపము ఒక్క వారమే కావలెను, వరుసలో నిలిచినవాని కొమ్ములు కుప్పలో చెడిపోవా?" అందురు. నిజమే. కాని ఈ ఇబ్బంది పచ్చికట్టె కాల్చు అలవాటు వలన వచ్చినది. అప్పుడే నరికిన కట్టె బరువులో సగమునకు దగ్గరగా నీరే యుండును. ఆ నీరు ఆవిరియగు వరకు వేడిమి కడాయికి సరిగా అందదు. పొగ మాత్రము కండ్లకు అందును. వానలు వెనుకబట్టిన పిమ్మట, కార్తిక మార్గశిరములలో కోసి, చీల్చి, గాలి తగులునట్లు పేర్చిన కట్టె పసుపు వేళకు చాలవరకు ఆరును. క్రిందటి వేసవిలోనే కోసి కప్పు క్రింద నుంచుకొన్నచో మరియు మేలు. అప్పుడు రంపమునకు ఒక వారపు పని గాక నెలల తరబడి పని యుండును. వరుస యను మాటయే యుండదు.

ఎంపిక విషయమున అంగడివాడు అశ్వశక్తిని చూపును. మనము చూడవలసినది వేరు. గొలుసు, పట్టె, ఎయిర్ ఫిల్టరు, స్టార్టరు త్రాడు ఆర్మూరులో గాని నిజామాబాదులో గాని దొరకునా? దొరకని యంత్రము ఎంత చవుకైనను కొనరాదు. పొలము పనులకు 16 మొదలు 18 అంగుళముల పట్టె చాలును. పెద్దది కొన్నచో బరువు మోయుట తప్ప లాభము లేదు. చైన్ బ్రేకు లేని రంపమును ముట్టుకొననే కూడదు. తిరుగుచున్న పట్టె కొన పైభాగము కట్టెకు తగిలినచో రంపము రెప్పపాటులో ముఖము మీదికి ఎగిరివచ్చును. ఆ క్షణమున గొలుసును నిలుపునది ఆ బ్రేకే.

గొలుసు పన్నుల పుట్టుక చెప్పదగినది. అమెరికాలోని ఓరెగాన్ ప్రాంతమున జోసెఫ్ కాక్స్ అను కట్టెకోత పనివాడు 1946లో ఒక మొద్దులో దొలుచుచున్న పురుగును గమనించి, దాని దవడలు ఇరుప్రక్కలకు కట్టెను చెక్కు తీరును అనుకరించి క్రొత్త పన్నులను కల్పించెను. నేటి గొలుసులు చాలవరకు ఆ జాతివే. అనగా ఈ పన్ను గీకునది కాదు, చెక్కునది. పదునుగా నున్నప్పుడు కట్టె నుండి పొరలు రాలును. మొద్దువారినప్పుడు పిండి రాలును. పిండి రాలుచుండగా పనివాడు రంపమును బలముగా అదుమును, పట్టె కాలును, ఇంజను వేడెక్కును, తుదకు "మిషను మంచిది కాదు" అని పేరు పడును. మా యొద్దకు వచ్చిన "చెడిన" రంపములలో పెక్కింటికి కావలసినది గుండ్రని ఆకురాయితో పది నిమిషముల పని మాత్రమే. పెట్రోలు నింపిన ప్రతిమారును పన్నునకు రెండు మూడు దువ్వులు ఈయవలెను. పన్ను అరిగిన కొలది దాని ముందున్న చిన్న మెట్టును గూడ తగ్గింపవలెను. దీనిని మరచువారే అధికము.

నూనె విషయమున మనవారి పొదుపు వింతగా నుండును. ట్రాక్టరు నుండి తీసిన నల్లనూనెను గొలుసునకు పోయుదురు. అందులోని ఇనుప రజను పట్టెను, నూనె పంపును తినివేయును. ఇంజనునకు పెట్రోలులో కలుపు టూ స్ట్రోకు నూనె, పుస్తకములో 50కి 1 పాలని యున్నచో, లీటరునకు 20 మిల్లీలీటర్లు. దానిని వేరు డబ్బాలో కలిపి పోయవలెను. ఇప్పటి పెట్రోలులో ఎథనాలు కలియుచున్నది. అది తేమను లాగుకొనును. పని ముగిసిన పిమ్మట ట్యాంకు ఖాళీ చేసి, మిగిలినది కాలిపోవు వరకు ఇంజనును నడిపి దాచవలెను. లేనిచో మరుసటి ఏట కార్బురేటరు పలుకదు.

లుంగీ, చెప్పులతో ఈ యంత్రమును పట్టుట మన గ్రామములలో నిత్యము చూచుచున్నాము. హెల్మెటు, కంటి జాలి, చెవులకు మూత, కాలి రక్షణ వస్త్రము, బూట్లు రంపపు ధరలో భాగమనియే సంఘము లెక్కింపవలెను. మనిషి లేక రంపమును మాత్రము అద్దెకు ఈయరాదు. అద్దెలో గొలుసు అరుగుదలయు చేర్చవలెను. ఉమ్మడిగా సాధించుట మనకు అసాధ్యమేమియు కాదు. 1956లో పుట్టిన ముల్కనూరు సహకార సంఘమును ఎరుగనివారెవ్వరు? చెట్టు గట్టు మీదిదైనను 2002 నాటి వాల్టా చట్టమును మరువక, అనుమతి విచారించిన పిమ్మటనే కోయవలెను.

కొమ్మలను తునకలు చేయు చిప్పరు విషయమున మేము ఇంకను జాగ్రత్తగా నుందుము. నూర్పిడి యంత్రములలో చేతులు పోవుచుండుటచే ప్రభుత్వము 1983లో ప్రమాదకర యంత్రముల చట్టము చేయవలసి వచ్చెను. చిప్పరు నోరును అట్టిదే. తొట్టి పొడవు చేతికి మించవలెను, ఆపు మీట అందుబాటున నుండవలెను, ట్రాక్టరు నుండి వచ్చు తిరుగు ఇరుసునకు తొడుగు తప్పదు. తునకలు పసుపు మడిపై పరచుటకు మంచివే. పచ్చివి మట్టిలో కలిపినచో మాత్రము అవి కుళ్లుటకై పైరునకు దక్కవలసిన నత్రజనిని పట్టుకొనును. కావున ఈ యేడు చిప్పరు కొనుట వలదని మా సలహా. అద్దె యంత్రముతో ఒక సభ్యుని మడిలో తునకలు పరపించి, ప్రక్క మడిలో ఆకు పరపించి, కలుపు కూలిని, దిగుబడిని వేర్వేరుగా వ్రాసి సర్వసభ్య సమావేశమున పెట్టుడు.