ఈ ఏడాది నా ఆరు ఆల్బమ్‌లు, ఒక సగం కథ

డిసెంబర్ వస్తే చాలు, మా నర్సీపట్నంలో రాత్రిళ్ళు నిద్ర ఉండదు. తెల్లారగట్ల రెండు, మూడు గంటలకే కార్లు, బైకులు వరసకట్టి లంబసింగి ఘాట్ ఎక్కుతుంటాయి. మంకీ క్యాపులు, రెండేసి స్వెట్టర్లు, బ్లూటూత్ స్పీకర్లో సినిమా పాటలు. మంచు మేఘం ముందు సెల్ఫీ, బొంగు చికెన్, కిందకి దిగడం.

నేనూ ఎక్కుతాను. కాకపోతే నా చెవిలో నార్వే ఉంటుంది.

అవును. నర్సీపట్నంలో ఉంటూ ఫోక్ మెటల్, వైకింగ్ మెటల్ వినే బాపతు నేను. అమ్మకి అవి "ఆ అరుపులు". మా ఫ్రెండ్స్‌కి "ఎవడ్రా వాడు, గొంతులో చేపముల్లు ఇరుక్కుందా?" అయినా సరే, ఏడాది చివర అందరూ టాప్ సినిమాల లిస్టులు పెడుతున్నప్పుడు నా లిస్టు నేను పెట్టుకోకపోతే ఎలా?

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వైకింగ్ మెటల్‌కి దారి వేసింది స్వీడన్ బ్యాండ్ బాథొరీ. 1988లో 'బ్లడ్ ఫైర్ డెత్', 1990లో 'హ్యామర్‌హార్ట్' ఆల్బమ్‌లతో ఓడలు, సముద్రం, ఓడిన్ దేవుడు అన్నీ మెటల్లోకి వచ్చేశాయి. ఫోక్ మెటల్ అంటే గిటార్, డ్రమ్స్ పక్కన ఆ ఊరి ఫిడేలో, పిల్లనగ్రోవో, ఆ ఊరి కథో ఉండాలి. ఇంగ్లండ్ బ్యాండ్ స్కైక్లాడ్ 1991లో మొదటి ఆల్బమ్ తెచ్చినప్పుడు మొదలైందని చాలామంది లెక్క. నా లెక్క ఇంకా సింపుల్. పాట వింటుంటే అది ఏ మట్టిదో తెలియాలి. అంతే. ఆ లెక్కన 2025లో నాకు నచ్చినవి ఇవీ, కింది నుంచి పైకి.

6. మోనెగార్మ్ - ఎడ్స్‌వూరెన్

స్వీడన్ వాళ్ళు. 1995 నుంచి ఉన్నారు, అంటే నాకంటే పెద్దవాళ్ళు. ఆగస్టులో వచ్చిన ఈ ఆల్బమ్ పేరుకి ప్రమాణం చేసినవాడు అని అర్థం. కొత్తగా ఏమీ చెయ్యలేదని కొందరు పెదవి విరిచారు. నాకు అదే నచ్చింది. వయొలిన్ ఎక్కడ రావాలో అక్కడే వస్తుంది, గొంతు ఎక్కడ గర్జించాలో అక్కడే గర్జిస్తుంది. పండక్కి అమ్మ చేసే అరిసెల్లాగా. ఏటా అదే రుచి, ఎవరైనా వద్దంటారా? ఈ జానర్ మొదటిసారి వినేవాళ్ళు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

5. సోర్ - అమిడ్స్ట్ ది రూయిన్స్

స్కాట్లండ్. బ్యాండ్ అంటారుగానీ దీని వెనక ఉన్నది ఆండీ మార్షల్ అనే ఒక్కడే. 'సోర్' అంటే గేలిక్ భాషలో స్వేచ్ఛ ఉన్న అని అర్థం. ఫిబ్రవరిలో వచ్చింది. ఉన్నవి ఐదే పాటలు, కానీ ఒక్కోటీ మన ఘాట్ రోడ్డంత పొడవు. రీల్స్ అలవాటైన వేలు స్కిప్ బటన్ కోసం వెతుకుతుంది. ఆగండి.

'గ్లెన్ ఆఫ్ సారో' పాటలో ఉన్నది 1692 నాటి గ్లెన్‌కో ఊచకోత. మెక్‌డొనాల్డ్ తెగవాళ్ళ ఇళ్ళల్లో అతిథులుగా దిగి, వాళ్ళ తిండి తిన్న సైనికులే ఒక తెల్లవారుజామున వాళ్ళని చంపేశారు. మూడొందల ఏళ్ళు దాటినా ఆ లోయ పేరు చెబితే స్కాట్లండ్‌లో గొంతులు మారిపోతాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మనం ఊరికే అనలేదు.

4. బ్లడీవుడ్ - ను ఢిల్లీ

మనోళ్ళు! ఢిల్లీ కుర్రాళ్ళు. ఒకప్పుడు యూట్యూబ్‌లో పాప్ పాటల్ని మెటల్‌గా మార్చి నవ్వించేవాళ్ళు. 2019లో జర్మనీలోని వాకెన్ ఫెస్టివల్ స్టేజీ ఎక్కారు. 2022లో 'రక్షక్', ఈ మార్చిలో 'ను ఢిల్లీ'. ఢోల్, ఫ్లూట్, హిందీ, పంజాబీ, ఇంగ్లిష్ రాప్, అన్నిటి కిందా బరువైన గిటార్. జపాన్ బ్యాండ్ బేబీమెటల్‌తో కలిసి చేసిన 'బేఖౌఫ్' బస్సులో వింటే పక్క సీటువాళ్ళకి కాళ్ళు తగులుతాయి, ముందే సారీ చెప్పి పెట్టుకోండి. 'తడ్కా' అయితే పూర్తిగా తిండి మీద పాట. పోపు పెట్టడం మీద మెటల్ పాట చెయ్యొచ్చని వీళ్ళు చూపించేదాకా ఎవరికి తట్టింది?

ఒక్క అసంతృప్తి. కొన్ని పాటలు ఒకే మూసలో పోశారనిపిస్తుంది. అందుకే నాలుగో స్థానం. ఢిల్లీ వాళ్ళు ఏమైనా అనుకోనీ.

3. ఎలువైటీ - ఆన్వ్

స్విట్జర్లాండ్ బ్యాండ్. ఏప్రిల్‌లో వచ్చిన ఆల్బమ్. వీళ్ళ దగ్గర హర్డీ గర్డీ అని ఒక వాయిద్యం ఉంటుంది. పెట్టెలాంటి దానికి ఒక పిడి, అది తిప్పితే లోపల చక్రం తీగల్ని రాస్తుంది, శ్రుతిపెట్టె మీద ఫిడేలు వాయించినట్టుంటుంది.

కానీ నన్ను పట్టేసింది వాయిద్యం కాదు, భాష. వీళ్ళు చాలా పాటలు గాలిష్ భాషలో పాడతారు. ఆ భాష మాట్లాడే మనిషి భూమ్మీద లేక వెయ్యేళ్ళు ఎప్పుడో దాటిపోయింది. రాళ్ళ మీద, సీసపు రేకుల మీద మిగిలిన ముక్కలు, పండితుల పుస్తకాలు పట్టుకుని పాటలు కట్టారు. చచ్చిపోయిన భాషలో వేలమంది కోరస్ పాడుతుంటారు.

అది వింటూ ఆలోచించాను. మా ఊరి పైన కొండల్లో, అరకు వైపు, కూబి అనే కొండ భాష ఉంది. మన తెలుగుకి చుట్టమే. భద్రిరాజు కృష్ణమూర్తిగారు దాని మీద 1969లో ఒక పుస్తకమే రాశారు. ఈ భాష చావలేదు. సంతలో నా పక్కనే నిలబడి అల్లం, పసుపు అమ్ముతుంది. నాకు గాలిష్‌లో రెండు కోరస్‌లు కంఠతా వచ్చు. కూబిలో "బాగున్నావా" అని అడగడం రాదు.

2. వార్‌డ్రూనా - బిర్నా

నార్వే. జనవరిలో వచ్చింది, ఏడాదంతా నా ఫోన్లోంచి పోలేదు. గిటార్ లేదు, అరుపు లేదు, నిజానికి ఇది మెటల్ కాదు. కానీ నడిపే ఐనార్ సెల్విక్ ఒకప్పుడు గోర్గొరోత్ అనే బ్లాక్ మెటల్ బ్యాండ్‌లో డ్రమ్మర్. 'వైకింగ్స్' సిరీస్ చూసినవాళ్ళు ఈయన సంగీతం తెలియకుండానే వినేశారు. మెటల్ వాళ్ళంతా ఈయన్ని సొంతం చేసుకున్నారు కాబట్టి నేనూ చేసుకుంటున్నాను.

బిర్నా అంటే ఆడ ఎలుగుబంటి. ఆల్బమ్ అంతా దాని కథే. అడవి, చలికాలం, గుహలో నిద్ర, మళ్ళీ లేవడం. 'ద్వాలెద్రౌమర్' అనే పాట పదిహేను నిమిషాల పైనే. నిద్రపోతున్న జంతువు గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటుందో పాట అంతే నెమ్మదిగా నడుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఫోన్ హ్యాంగ్ అయిందనుకున్నాను. రెండోసారి లంబసింగిలో విన్నాను, ఐదింటికి, జనం గుంపుకి దూరంగా కాఫీ తోటల వైపు వెళ్ళి. చుట్టూ మంచు, మూడడుగుల అవతల ఏమీ కనపడదు. పాట అయిపోయింది, నేను ఇయర్‌ఫోన్ తియ్యలేదు. మీరు ఈ లిస్టులోంచి ఒక్కటే వింటానంటే ఇదే వినండి. హెడ్‌ఫోన్స్‌తో, ఒంటరిగా.

1. ఏలియన్ వెపన్రీ - తె రా

న్యూజిలాండ్. ముగ్గురే. మూడో ఆల్బమ్, మార్చిలో వచ్చింది. పేరుకి సూర్యుడు అని అర్థం. వైకింగులతో ఏ సంబంధమూ లేదు. ఇది త్రాష్ కదా, ఫోక్ మెటల్ ఎలా అవుతుందని గొడవపడే అన్నయ్యలు ఉంటారు. నా లెక్క పైనే చెప్పాను. ఇది ఏ మట్టిదో మొదటి పది సెకన్లలో తెలుస్తుంది.

వీళ్ళు మావోరీ భాషలో పాడతారు. 'మౌ మోకో' అనే పాట వెనక ఒక ఘోరం ఉంది. పచ్చబొట్లు పొడిచిన మావోరీల తలల్ని ఒకప్పుడు తెల్లవాళ్ళు కొనుక్కుని మ్యూజియంలకు తీసుకెళ్ళారు. స్కూల్లో ఉన్నప్పుడే వీళ్ళు చేసిన పాత పాట ఒకటుంది, 1864లో గేట్ పా దగ్గర బ్రిటిష్ సైన్యంతో జరిగిన యుద్ధం మీద. ఆ యుద్ధంలో బ్యాండ్‌లోని అన్నదమ్ముల పూర్వీకుడొకరు చనిపోయారు. అంటే వీళ్ళు పాడేది చరిత్ర పాఠం కాదు, ఇంట్లో మాట.

ఇక్కడే నాకు కొంచెం సిగ్గేసింది. మా ఊరికి దగ్గర్లోనే కృష్ణదేవిపేట ఉంది, అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు. మూడు రోజుల్లో మూడు. ఇంతకంటే మెటల్ కథ ప్రపంచంలో ఎవరి దగ్గరుంది? సినిమా వచ్చింది, బుర్రకథలు వచ్చాయి. నా ప్లేలిస్టులో ఉన్నది మాత్రం న్యూజిలాండ్ యుద్ధం.

లిస్టు అయిపోయింది. ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ ఈ ఏడాది నేను విన్నవాటిలో అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది ఈ ఆరులో లేదు.

దసరాకి అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. అక్కడ పక్క వీధిలో ఒక తాత ఉన్నాడు. ఒకప్పుడు తప్పెటగుళ్ళ బృందంలో పెద్ద. తప్పెటగుళ్ళు మన ఉత్తరాంధ్ర గొల్లల ఆట. రేకుతో చేసిన గుండ్రటి వాయిద్యం గుండెల మీద వేలాడేసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టి, పది పదిహేను మంది గుండ్రంగా ఎగురుతూ రెండు చేతులతో మోగిస్తారు. దరువు పెరిగేకొద్దీ డబుల్ బాస్ వాయించే డ్రమ్మర్లు కూడా నోరు తెరిచి చూడాల్సిందే. చిన్నప్పుడు జాతరలో చూసి చెవులు మూసుకున్నాను. మా అమ్మ ఇప్పుడు నా పాటలకి మూసుకున్నట్టే.

అరుగు మీద కూర్చుని 'తె రా' వింటుంటే తాత వచ్చాడు.

"ఏటిరా అది, నాకూ ఎట్టు."

ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. పాట మొత్తం విన్నాడు. మొహంలో ఏమీ మారలేదు.

"ఏ బాసరా ఇది?"

"మావోరీ అంటారు తాతా. సముద్రం అవతల. వాళ్ళ తాతల యుద్ధాలు పాడుకుంటారు."

"ఆళ్ళ బాసలోనే?"

"ఆఁ."

"మంచిదే," అన్నాడు. కాసేపాగి, "మాకూ ఉందిరా యుద్ధం," అన్నాడు.

కాటమరాజు కథ. కరువొచ్చి ఆవుల మందల్ని తోలుకుని నెల్లూరు సీమకి పోయిన యాదవ వీరులు, పుల్లరి దగ్గర రాజు మనుమసిద్ధితో వచ్చిన పేచీ, చివరికి యుద్ధం. అవతలి పక్క ఖడ్గతిక్కన. నేను ఫోన్ రికార్డింగ్ ఆన్ చేశాను. తాత లోపలికెళ్ళి మేకుకి తగిలించిన గుల్ల తెచ్చాడు, రేకు ఒకచోట సొట్టపోయి ఉంది. నలభై నిమిషాలు పాడాడు. కూర్చునే. మోకాళ్ళు లేవనివ్వవు. గొంతు బొంగురుపోయింది, ఏ మెటల్ సింగరూ ప్రాక్టీస్ చేసి తెచ్చుకోలేని బొంగురు.

మందలు నెల్లూరు దాకా వచ్చాయి. పుల్లరి మాట మొదలైంది. అక్కడ ఆగిపోయాడు.

"తరవాత?"

"తరవాతది మా వంతపాటగాడిది. ఆడు పాడితే నానందుకునేవోణ్ణి. ఆడు పోయి నాలుగేళ్ళయింది."

మళ్ళీ ప్రయత్నించాడు. గుల్ల మీద వేళ్ళు ముందుకెళ్ళాయి, మాట రాలేదు. వేళ్ళకి గుర్తుంది, నోటికి లేదు. "పోన్లే," అని గుల్ల పక్కన పెట్టేశాడు.

కథ పోలేదు, నిజమే. తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఊరూరా కాటమరాజు కథల్ని సేకరించి పుస్తకాలుగా తెచ్చారు. ఎవరు గెలిచారో నేను చదివి తెలుసుకోవచ్చు. కానీ ఆ వీధిలో, ఆ ఇద్దరు పాడిన తీరు, ఒకరు ఆపితే ఒకరు అందుకున్న ఆ చోటు ఏ పుస్తకంలోనూ లేదు. సగం ఒక మనిషితో వెళ్ళిపోయింది. మిగతా సగం నా ఫోన్లో ఉంది, మధ్యలో రెండుసార్లు కోడి అరుపు, ఒకసారి మా అత్త "టీ తాగుతార్రా" అన్న కేకతో సహా.

ఎలువైటీ వాళ్ళు రెండువేల ఏళ్ళ కిందటి రేకుల్ని పట్టుకుని వెతుక్కుంటున్నారు. నాకు కావలసిన రేకు పక్క వీధిలో మేకుకి వేలాడుతోంది, దాని మనిషితో సహా. నేనే నాలుగేళ్ళు లేటు.

పొరుగూళ్ళో ఇంకో బృందం ఉందట. అందులో ఒకాయనకి పుల్లరి ఘట్టం వస్తుందని తాత చెప్పాడు. సంక్రాంతికి ఇద్దర్నీ ఒక అరుగు మీద కూర్చోబెట్టాలని ప్లాన్. ఈసారి మంచి మైక్ ఒకటి ఆర్డర్ పెట్టాను, పవర్‌బ్యాంక్ కూడా. తాత ఒక్కటే కండిషన్ పెట్టాడు: "ఆడు ముందు పాడాలి. నానందుకుంతాను."

మీ ఊళ్ళో కూడా గుల్లో, జముకో, డప్పో మేకుకి వేలాడుతూ ఉంటే, పండక్కి వెళ్ళినప్పుడు ఒకసారి కిందకి దించమని అడగండి. ఫోన్ చార్జింగ్ ఫుల్‌గా పెట్టుకుని వెళ్ళండి. నలభై నిమిషాలు సరిపోవు.